ఫైబరు బంపరు: పాత కారుకు మఱల రంగు వేయుటకు పూర్వసంస్కారము

మోటారు కారునకు ముందు వెనుకల అమరియుండి, స్వల్పమైన తాకిడులను తాను భరించి, వంగి, మఱల యథారూపమును పొందు ప్లాస్టిక్కు తొడుగును అనంతపురము పరిసరముల మరమ్మతు షెడ్లలో ఫైబరు బంపరని వ్యవహరింతురు. కారు పాతబడినకొలదిని ఈ భాగముమీది రంగు వెలిసి, గీతలు పడి, అంచులయందు పొరలుగా లేచి చెడిపోవును. అట్టి బంపరును విప్పి కడిగి, చెడిన పొరలను తొలగించి, చీలికలను అతికి, ఉపరితలమును రుద్ది, క్రొత్త రంగు పట్టుకొనుటకు వలసిన మధ్యపొరలను పూయువఱకు జరుగు క్రియాకలాపమంతయు పూర్వసంస్కారమనబడును. ఇనుప రేకుమీద చిరకాలానుభవముచే సిద్ధించిన పద్ధతులు పెక్కంశములలో ఇచ్చట పనికిరావు. రేకునకు చేసినట్లే ప్లాస్టిక్కునకును చేయుటవలన క్రొత్త రంగు ఒక్క వేసవి గడవకమునుపే పెచ్చులై రాలుట తఱచుగా కాననగును.

ప్రాంత పరిస్థితులు

అనంతపురము పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో నుండుటచేత నైరృతి ఋతుపవనము ఇచ్చటికి చేరునప్పటికే తన తేమను చాలవఱకు కోల్పోవును. తూర్పుతీరమునకు దూరమగుటచేత ఈశాన్య ఋతుపవనమును బలహీనమై వచ్చును. ఈ రెండు కారణములచేత ఉమ్మడి అనంతపురము జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే యగుటయు, దేశమున మిక్కిలి తక్కువ వాన కురియు జిల్లాలలో ఇది యొకటిగా లెక్కింపబడుటయు సుప్రసిద్ధము. ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటుట సామాన్యము. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు పడమటి గాలి బలముగా వీచి, వేరుశనగ సేద్యమునకై దున్నిన ఎఱ్ఱనేలల ధూళిని రేపును. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలములలో హగరి నది ఇసుకను పొలములమీదికి తోయునదియు ఈ గాలియే. భూగర్భజలము పెక్కుచోట్ల లవణములు మిక్కుటముగా గల కఠినజలము. ఎండ, ధూళి, ఉప్పునీరు అను ఈ మూడును రంగుపని చేయువానికి నిత్యప్రతిపక్షములు.

హైదరాబాదు బెంగళూరుల నడుమ 44వ నంబరు జాతీయ రహదారి గుత్తి, పామిడి, అనంతపురము, పెనుకొండల మీదుగా సాగుచుండుటచేత, లారీల చక్రముల క్రిందనుండి చిమ్మిన కంకరరాళ్ల దెబ్బలు ఈ ప్రాంతపు కార్ల ముందు బంపర్లమీద విశేషముగా కానవచ్చును. రాష్ట్రమంతటికిని ఏపీ 39 అను ఏకసంకేతము 2019లో ఏర్పడువఱకు ఈ జిల్లా వాహనములకు ఏపీ 02 అను సంకేతముండెడిది. కావున ఇచ్చట ఏపీ 02 ఫలకము గల ప్రతి కారును నేడు పాతకారుగానే యెంచవచ్చును. స్వంత కారునకు మొదటి నమోదు 15 సంవత్సరములు చెల్లును. అటుపిమ్మట 5 సంవత్సరముల కొకమారు తనిఖీ చేయించి నమోదును పునరుద్ధరింపవలెను. ఆ సమయముననే పెక్కుమంది యజమానులు బంపర్లకు రంగు వేయింప దలతురు.

పెనుకొండ చెంత ఎఱ్ఱమంచియొద్ద, 2019 డిసెంబరు 5న ప్రారంభోత్సవము జరిగిన కియా కార్ల కర్మాగారము ఏటికి 3 లక్షల కార్లను నిర్మింపగల సామర్థ్యముతో స్థాపితమైనది. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి జిల్లా విభజింపబడినపిదప ఆ ప్రదేశము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఆధునిక కర్మాగారములలో బంపర్లకు రంగు వేయుట వడకట్టిన గాలి గల మూసిన గదులలో, ఉష్ణోగ్రతను తేమను నియమించి, యంత్రహస్తములచేత జరుగును. రహదారి ప్రక్కనున్న చిన్న షెడ్డునకు ఆ సాధనసంపత్తి లేదు. యంత్రము చేయు పనిని అచ్చట ఓపికయు క్రమమును చేయవలసియున్నవి.

చరిత్ర

భారతదేశపు రహదారులమీద దీర్ఘకాలము రాజ్యమేలిన అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్లకు క్రోమియపు పూత గల ఉక్కు బంపర్లుండెడివి. వానికి దెబ్బ తగిలిన సుత్తితో సాగగొట్టి మెఱుగు పెట్టించుటయే మార్గముగాని రంగు ప్రసక్తి లేదు. వంగెడు బంపరు పుట్టినది పాశ్చాత్యదేశములలో. 1968 నమూనా పాంటియాక్ జీటీఓ కారుకు కారు రంగుతోనే పూసిన, తాకిడికి నొక్కుకొని మఱల లేచునట్టి ఎండ్యూరా అను పేరుగల ముందు బంపరు అమర్పబడినది. 1972లో ఫ్రాన్సున వెలువడిన రెనో 5 కారు ప్లాస్టిక్కు బంపర్లను సామాన్యుని కారునకు దెచ్చినది. అమెరికాలో 1973 నమూనాలనుండి గంటకు 5 మైళ్ల వేగమున ముందువైపు తాకిడికి కారు రక్షణాంగములు చెడరాదను నియమము అమలు కాగా, వంగెడు పదార్థములకు ఆదరము హెచ్చినది. ఇటలీ రసాయనవేత్త జూలియో నట్టా 1954లో సాధించిన స్ఫటికరూప పాలీప్రొపిలీనును రబ్బరుతో మేళవింపవచ్చునని తెలియుటయు, అది చౌకగా లభించుటయు, నేటి బంపరునకు మూలకారణములు.

మన దేశమున 1983 డిసెంబరులో మారుతి 800 రాకతో చిన్నకార్ల యుగమారంభమై, 1993లో మారుతి జెన్, 1998లో హ్యుందాయ్ శాంట్రో, టాటా ఇండికా మున్నగునవి వెలువడునప్పటికి ప్లాస్టిక్కు బంపరు సర్వసామాన్యమైనది. ఒకే కారులో తక్కువ వెల గల రకమునకు రంగు వేయని నల్ల బంపరును, ఎక్కువ వెల గల రకమునకు కారు రంగు బంపరును అమర్చు ఆచారము బహుకాలము సాగినది. ఎండకు తెల్లబాఱిన నల్ల బంపరునకు మొదటిమారు రంగు వేయింపవలెనను కోరిక షెడ్లకు తఱచుగా వచ్చుట కిదియే హేతువు. పూర్వసంస్కారమున మిక్కిలి కఠినమైన సందర్భమును ఇదియే.

పదార్థములు, గుర్తించు విధము

నేటి బంపర్లలో అత్యధికములు పాలీప్రొపిలీను, ఈపీడీఎం అను రబ్బరు, కొంత టాల్కుపొడి కలిసిన మిశ్రమముతో పోతపోసినవి. దీనికి టీపీఓ అను సంక్షిప్తనామము గలదు. పాత దిగుమతి కార్లలో కొన్నింటికి పాలీయూరిథేను బంపర్లుండును. కొన్ని నమూనాలలో పాలీకార్బొనేటు మిశ్రమములును, చిన్న అలంకారభాగములలో ఏబీఎస్ అను ప్లాస్టిక్కును కనబడును. షెడ్లలో ఫైబరను మాట వాడుకలో నున్నను, ఈ పోత బంపర్లు గాజునార బంపర్లు కావు. గాజునారతో చేసిన విడి అలంకారభాగములు బిరుసైనవి, వానికి వేఱు పద్ధతి గలదు.

పదార్థమును నిర్ణయింపక పని నారంభించుట తగదు. బంపరును విప్పి లోపలివైపు చూచినచో రెండు కోణపు గుర్తుల నడుమ పీపీ, ఈపీడీఎం, టీపీఓ, పీయూఆర్, ఏబీఎస్ అను అక్షరములలో నేవియో ముద్రింపబడి యుండును. ముద్ర చెరిగినచో లోపలి అంచునుండి చిన్న తునుకను కోసి నీటిలో వేయవలెను. పాలీప్రొపిలీను సాంద్రత నీటికంటె తక్కువ గనుక దాని మిశ్రమములు సామాన్యముగా తేలును. పాలీయూరిథేను, ఏబీఎస్ మునుగును. టాల్కు హెచ్చుగా కలిపిన రకములు నీటిమట్టమున తడబడునవి గనుక ఈ పరీక్షకు తోడుగా రుద్దుపరీక్షయు చేయవలెను: కంటికి కానరాని చోట యంత్రముతో రుద్దినప్పుడు పాలీప్రొపిలీను మిశ్రమము కరగి జిగటగా సాగి నూగుగా లేచును, పాలీయూరిథేను పొడిగా రాలును. తునుకను కాల్చి వాసన చూచు అలవాటు కొందఱికి గలదుగాని, ఆ పొగ విషమయమగుటచేత అది వర్జనీయము.

రంగు అంటకపోవుటకు కారణములు

ద్రవమేదైనను ఒక ఘనపదార్థముమీద పరచుకొనవలెనన్న ఆ ఘనపదార్థపు ఉపరితలశక్తి తగినంతగా నుండవలెను. పాలీప్రొపిలీను ఉపరితలశక్తి మీటరునకు సుమారు 30 మిల్లీన్యూటనులు మాత్రమే. నీటి తలతన్యత 72. కావుననే తామరాకుమీద నీటివలె ఈ ప్లాస్టిక్కుమీద పూతలు విడివడును. అదియునుగాక, రంగులోని అణువులు పట్టుకొనుటకు వలసిన ధ్రువస్వభావము గల రసాయనవర్గములు పాలీప్రొపిలీనునందు లేవు. కర్మాగారములలో బంపరు ఉపరితలమును క్షణకాలము జ్వాలతో స్పృశింపజేసి ఆమ్లజనిని దానియందు చేర్చి ఈ లోపమును తీర్చు పద్ధతి గలదు. షెడ్లలో ఆ పనిని క్లోరిను చేర్చిన పాలీఓలిఫిన్ గల ప్లాస్టిక్ ప్రైమరు చేయును.

రెండవ కారణము ఉష్ణవ్యాకోచము. పాలీప్రొపిలీను మిశ్రమము ఒక డిగ్రీ వేడికి, ఉక్కుకంటె ఇంచుమించు ఆఱేడు రెట్లు హెచ్చుగా వ్యాకోచించును. 1.6 మీటర్ల పొడవుగల బంపరు, రాత్రి చల్లదనమునుండి మధ్యాహ్నపు ఎండకు 40 డిగ్రీలు వేడెక్కినచో, సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగగా, అంతే పొడవుగల ఉక్కుపట్టె ఒక మిల్లీమీటరైనను పెరుగదు. వేసవిలో ప్రతిదినమును ఈ సాగుటయు కుంచించుటయు జరుగుచుండ, పైనున్న రంగు బిరుసైనదైనచో పగులక తప్పదు. చక్రకూపముల చెంత బంపరు వంగుచోట, గేటుకో గోడకో తాకినచోట, ఈ పగులు మొదట కనబడును.

మూడవది సూర్యకాంతి. అతినీలలోహిత కిరణములు రంగు లేని ప్లాస్టిక్కు ఉపరితలమున దీర్ఘాణువులను తెంచి, పైపొరను బూడిదవంటి బలహీనపదార్థముగా మార్చును. నల్లవర్ణమునకై కలిపిన కార్బను కొంతకాలము కాపాడినను, సంవత్సరములకొలది ఎండలో నిలిచిన బంపరు తెల్లబాఱుట ఈ క్షయమునకు చిహ్నము. ఈ చచ్చిన పొరమీద ఎంత మేలిరంగు వేసినను, రంగు పొరను పట్టుకొనునేగాని పొర బంపరును పట్టుకొనదు. కావున దానిని గట్టి ప్లాస్టిక్కు బయటపడువఱకు రుద్ది తీసివేయుట ఆవశ్యకము.

విప్పుట, కడుగుట

బంపరును కారుననే యుంచి కాగితములు అంటించి రంగు వేయుట సులభముగా తోచినను, అంచులలోని మురికి, లోపలి మడతలు, దీపముల చుట్టునున్న సందులు శుభ్రము కానేరవు. రంగు పెచ్చు లేచుట అచ్చటనే ఆరంభమగును. ఆకారణమున బంపరును విప్పుటయే శ్రేయస్కరము. చక్రకూపములలోని మరలను, క్రింది అంచు క్లిప్పులను తీసి, మంచుదీపముల తీగలను విడదీసి, ఒకరు ఒకవైపును మఱియొకరు మఱియొకవైపును పట్టుకొని సమముగా లాగవలెను. పాత కార్ల క్లిప్పులు ఎండకు పెళుసెక్కి విఱుగునవి గనుక క్రొత్తవానిని ముందుగానే సిద్ధపఱచుకొనుట వివేకము.

కడుగుటలో ఒక క్రమము గలదు. మొదట సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో లోపల వెలుపల రుద్ది మట్టిని, పేడను, పురుగుల అవశేషములను పోగొట్టవలెను. ఇవి నీటికి కరగునవేగాని తైలద్రావకములకు కరగవు. పిదప మైనమును, గ్రీజును, తారును పోగొట్టు ద్రావకముతో తుడువవలెను. ఈ క్రమమును తలక్రిందులు చేసినచో ద్రావకము మట్టిని ప్లాస్టిక్కులోనికి నూఱును. తుడుచునప్పుడు తడిగుడ్డ యొకటి, పొడిగుడ్డ యొకటి చేతబట్టి, ద్రావకము ఆఱకమునుపే పొడిగుడ్డతో ఎత్తివేయవలెను. ఆఱనిచ్చినచో కరగిన గ్రీజు మఱల అచ్చటనే నిలుచును. పెట్రోలుతోను, సాధారణపు తిన్నరుతోను బంపరును నానబెట్టి తుడుచుట కొన్నిచోట్ల వాడుకయైయున్నదిగాని, ఆ ద్రవములు రబ్బరుమిశ్రమములోనికి ఇంకి, పిదప రంగు క్రిందనుండి ఆవిరియై బొబ్బలు లేపును. ఇట్లు ద్రావకములు పీల్చిన పాత బంపరును ఎండ తగులు చోట కొన్ని గంటలుంచి ఆ వాయువులను వెడలగొట్టుట మంచిది. ఈ ప్రాంతమున ఎండయే ఉచితమైన కొలిమి.

టైర్లకును డాష్‌బోర్డునకును మెఱుగు నిచ్చు సిలికాను తైలములు రంగుపనికి పరమశత్రువులు. నలుసంత తైలము మిగిలినను రంగు దానినుండి తొలగి గుండ్రని చిరుగుంటలు పడును. తెల్లబాఱిన నల్ల బంపర్లకు యజమానులు ఈ తైలములనే పదేపదే పూసియుందురు గనుక రంగు పెట్టని పాత బంపరును రెండుమూడుమార్లు కడుగుట అనివార్యము. ఉపరితలము శుభ్రమైనదో లేదో తెలియుటకు నీరు చల్లి చూచు పరీక్ష ఉక్కుమీదివలె ఇచ్చట నిర్ణాయకము కాదు, ఏలయన పాలీప్రొపిలీను శుభ్రముగానున్నను నీటిని విడగొట్టును. తెల్లని గుడ్డకు మరక అంటుట మానుటయే ఇచ్చట గుర్తు. తుదికడుగుటకు బోరునీటిని వాడినచో ఆఱినపిదప సున్నపు చుక్కలు మిగులును. కావున ఆ యొక్క విడతకు మాత్రము వడపోసిన మంచినీటినైనను బ్యాటరీలకు వాడు శుద్ధజలమునైనను ఉపయోగింపవలెను. నీటి కఱవు గల సీమ యగుటచేత మొదటి కడుగుళ్ల నీటిని తొట్టిలో నిలువజేసి, మట్టి దిగినపిదప తేటను షెడ్డు నేలమీద ధూళి యణచుటకు చల్లుట మెచ్చదగిన పొదుపు.

పాత రంగును పరీక్షించుట

పాత రంగంతయు తీసివేయవలెనా, ఉంచి రుద్దవలెనా యను ప్రశ్నకు పరీక్షయే ప్రత్యుత్తరము. పదునైన బ్లేడుతో రంగుమీద అడ్డముగను నిలువుగను సన్నని గీతలు గీసి గళ్లు ఏర్పఱచి, వానిమీద గట్టి అంటుటేపును నొక్కి ఒక్కసారిగా లాగవలెను. గళ్లు యథాస్థానమున నిలిచినచో ఆ రంగు పునాదిగా పనికివచ్చును. గళ్లు టేపునకు అంటివచ్చినచో దానిమీద వేయు సర్వమును దానితోనే రాలిపోవును. ఇదివఱకే రెండుమూడుమార్లు రంగు పడి పొరలు దట్టమైన బంపరునకు, పొర గట్టిగానున్నను, తీసివేయుటయే మేలు. పూత మందమైనకొలదిని వంగుశక్తి తగ్గి పగులునుగదా.

రేకుమీది రంగును ఊడదీయు ఘాటైన రసాయనములను ప్లాస్టిక్కుమీద పూయరాదు. మిథిలీను క్లోరైడు గల రకములు బంపరును ఉబ్బించి మెత్తబఱచును. ప్లాస్టిక్కునకై ప్రత్యేకించిన రకము దొరకనిచో, పెచ్చులు లేచినచోట బ్లేడును పడుకోబెట్టి గీకుటయు, మిగిలినచోట ఎమరీతో రుద్దుటయు సురక్షితము. ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. సగము తీసిన రంగు అంచు టీపీఓమీద మిక్కిలి బలహీనముగా నుండును. క్రొత్త ప్రైమరులోని తిన్నరు ఆ అంచుక్రిందికి చొరబడి దానిని ముడుతలుగా లేపును. కావున తీయుట ఆరంభించినచో, ఆ తలమందలి సహజమైన మడత వఱకు, అనగా గీతయో మూలయో వచ్చువఱకు, పూర్తిగా తీయవలెను.

చీలికలు, లప్పము

లోపలికి నొక్కుకొనిపోయిన బంపరును ముందు వేడిచేసి సరిదిద్దవలెను. మఱుగునీటిని పోసినను, వేడిగాలి గన్నును దూరమునుండి ఆడించినను పదార్థము మెత్తనై, లోపలినుండి త్రోసిన పూర్వరూపమునకు వచ్చును. చల్లనీటి గుడ్డ నుంచిన ఆ రూపము నిలుచును. చీలికయైనచో దాని కొనలయందు చిన్న రంధ్రము చేసి పగులు ముందునకు ప్రాకకుండ ఆపి, రెండువైపుల వాలుగా గాడి తీసి, అదే జాతి ప్లాస్టిక్కు కడ్డీతో వేడిగా అతుకవలెను. పాలీప్రొపిలీనునకు పాలీప్రొపిలీను కడ్డీయే అతుకును. ఏబీఎస్ కడ్డీ ఎన్నటికిని అతుకదు. కాల్చిన ఉక్కుపిన్నులను లోపలివైపు దిగగొట్టి బలమిచ్చు పద్ధతియు షెడ్లలో ప్రచారమున నున్నది. అది అతుకునకు తోడేగాని అతుకునకు బదులు కాదు.

రేకుపనికి వాడు సాధారణ పాలిస్టరు లప్పమును బంపరుమీద పెట్టుట ఈ వృత్తిలో ప్రబలమైన దోషము. ఆ లప్పము ఆఱినపిదప రాయివలె బిరుసై, బంపరు మొదటిమారు వంగగనే దిమ్మగా ఊడిపడును. ప్లాస్టిక్కునకై చేసిన, వంగుశక్తి గల రెండుభాగముల ఎపాక్సీ లేక యూరిథేను లప్పమునే వాడవలెను. టీపీఓమీద దానిక్రింద ప్లాస్టిక్ ప్రైమరు పూత నుండవలెను. మందమును సాధ్యమైనంత తగ్గింపవలెను. కంకరదెబ్బల గుంటలను పూడ్చుటకును ఇదియే తగును.

రుద్దుట

రుద్దుటవలన రెండు ప్రయోజనములు సిద్ధించును: ఎండకు చచ్చిన పైపొర తొలగుట యొకటి, సూక్ష్మమైన గాట్లు పడి పూత చిక్కుకొనుట రెండవది. లప్పముచోట 180 నంబరు కాగితముతో మొదలిడి 240, 320లకు సాగవలెను. తక్కిన తలమునకు 320 లేక 400తో ఆరంభించుట చాలును. ముతక కాగితముతో పొడిగా బలముగా రుద్దినచో టీపీఓ నూగుగా లేచి, ఆ నూగు రంగు క్రిందనుండి వెంట్రుకలవలె పొడుచుకొనివచ్చును. అట్టిదానిని నీటితో సన్నని వాటర్ పేపరు పట్టి అణచవలెను. యంత్రమును వాడినచో వేగము తగ్గించి ఒకేచోట నిలుపక ఆడించుచుండవలెను, ఏలయన రాపిడివేడికి ప్లాస్టిక్కు కరగి మెఱుగుపడును, మెఱుగుపడిన చోట పూత నిలువదు. అంచులు, గాడులు, దీపపు గుంటలు కాగితమునకు అందవు గనుక వానిని నారమెత్తతో, అనగా స్కాచ్ ప్యాడుతో, గరుకైన శుద్ధిలేపమును చేర్చి రుద్దవలెను. తలమంతయు మాఱ్పు లేని ఒకే మసకవన్నెతో కనబడువఱకు, ఎక్కడను మెఱపు మిగులకుండ, ఈ పని సాగవలెను.

రుద్దిన పొడిని కడిగి, మఱల ద్రావకముతో తుడిచి, సంపూర్ణముగా ఆఱనీయవలెను. మరల రంధ్రములలోను, లోపలి పక్కటెముకలలోను నిలిచిన నీరు రంగు చిమ్ము గన్ను గాలికి వెలికి చిమ్మి రంగును చెఱచును. ఈ సీమ వేసవిగాలి మిక్కిలి పొడిగానుండుటచేత, పొడిగుడ్డతో తుడిచినకొలదిని ప్లాస్టిక్కునకు విద్యుదావేశము కలిగి గాలిలోని ధూళినంతయు ఆకర్షించును. ప్లాస్టిక్కు విద్యుద్వాహకము కాదు గనుక దానికి తీగ కట్టి భూమికి కలుపుట నిష్ఫలము. ఆవేశమును పోగొట్టునట్టి నీటి ఆధారపు శుద్ధిద్రవముతో, లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాలును నీటిని కలిపిన తడితో తేలికగా తుడిచి, ఆఱగనే పూత కారంభించుటయే ఉపాయము.

ప్లాస్టిక్ ప్రైమరు, సర్ఫేసరు

డబ్బాలపై అడ్హిషన్ ప్రమోటరనియు వ్రాయబడు ప్లాస్టిక్ ప్రైమరు, పాలీప్రొపిలీనునకును రంగునకును సంధానకర్త. దానిలోని పాలీఓలిఫిన్ భాగము బంపరుతోను, క్లోరిను గల భాగము పైపూతతోను పొత్తు కుదుర్చుకొనును. ప్లాస్టిక్కు బయటపడిన ప్రతిచోటను, రుద్దుటలో రంగు తెగిన అంచులతోసహా, ఇది పడవలెను. గట్టిగా నిలిచిన పాత రంగుమీద దీని యవసరము లేదు. ఒకటి రెండు పలుచని పూతలే చాలును. మందముగా పూసినచో ఆ పొరయే బలహీనమై నడుమనుండి చీలును. పూతకు పూతకు నడుమ సుమారు 10 నిమిషముల విరామమును, పైపూత వేయవలసిన గడువును తయారీదారు పత్రముననుసరించి పాటింపవలెను. గడువు దాటినచో మఱల పూయవలెను. దీనిని రుద్దరాదు. పాలీయూరిథేను బంపరునకు సామాన్యముగా ఇది అక్కఱలేదు.

దానిపైన రెండుభాగముల సర్ఫేసరు వేయుదురు. ఇది గీతలను నింపి సమతలము నిచ్చును. ఇందులో వంగుశక్తి నిచ్చు ద్రవమును, అనగా ఫ్లెక్స్ ఎడిటివ్‌ను, తయారీదారు చెప్పిన పాళమున కలుపవలెను. హెచ్చుగా కలిపిన పొర మెత్తనై సరిగా ఆఱదు, తక్కువైన పగులును. ఆఱిన సర్ఫేసరును పొడిగా 500నుండి 600, నీటితోనైన 800 నంబరు కాగితముతో నునుపుచేసినపిదప పూర్వసంస్కారము ముగియును. పైనవచ్చు రంగుకోటులో సామాన్యముగా ఫ్లెక్సు కలుపరు. క్లియరు కోటులో, ఆ రకము స్వతస్సిద్ధముగా వంగునది కానప్పుడు, కలుపుదురు. లోహచ్ఛాయ గల రంగులకు పాత కారు వెలిసిన వన్నెతో పోల్చి, ముందుగా ఒక అట్టమీద పూసి ఎండలో చూచుట అవసరము; డబ్బామీది సంకేతము క్రొత్తకారు రంగును చెప్పునేగాని పది పదునైదేండ్లు ఎండిన కారు రంగును చెప్పదు.

వాతావరణమునకు తగిన జాగ్రత్తలు

రంగు కంపెనీల పత్రములలోని కాలపరిమితులు 20 మొదలు 25 డిగ్రీల ఉష్ణోగ్రతను ఉద్దేశించినవి. 40 డిగ్రీల షెడ్డులో తిన్నరు గన్ను ముక్కునుండి బంపరు చేరులోపలనే ఆవిరియై, పూత పొడివలె పడి గరుకెక్కును. గట్టిపఱచు ద్రవము కలిపిన మిశ్రమము గిన్నెలోనే త్వరగా బిగియును. కావున వేసవిలో నిదానముగా ఆఱు తిన్నరును, నిదానముగా పనిచేయు హార్డెనరును ఎన్నుకొని, కొలదికొలదిగా కలుపుకొని, గాలి లేవకమునుపు తెల్లవాఱుజాముననే పూతపని ముగించుట ఉత్తమము. బంపరు తాకిన వెచ్చగా తగులుచున్నచో నీడలో చల్లబడనీయవలెను. ఆషాఢ శ్రావణముల పడమటి గాలికి షెడ్డు పడమటి ముఖమును తెరలతో మూసి, నేలను తడిపి, పూతకు అరగంటముందే ఊడ్చుట మానవలెను. సెప్టెంబరు, అక్టోబరులలో వాన పడు దినములందు కంప్రెసరు గొట్టములో నీరు చేరును గనుక దాని తొట్టినుండి దినమున కొకమారైనను నీటిని వదలి, గాలిని వడపోయవలెను.

ఆరోగ్యము, చట్టము

రెండుభాగముల రంగుల హార్డెనరులలో ఐసోసయనేటులుండును. వాని తుంపరలు ఊపిరితిత్తులకు తగిలి ఉబ్బసము కలిగింపగలవు; ఒకమారు ఆ వ్యాధి పట్టినవానికి పిదప స్వల్పమాత్రయు అపాయకరము. ముఖమునకు కట్టిన తువాలు గాని, పలుచని ధూళిముసుగు గాని దీనికి అడ్డు కావు. బయటి శుద్ధమైన గాలి నందించు ముసుగు శ్రేష్ఠము; అది లేనిచో బొగ్గుడబ్బీలు గల ముసుగు, చేతొడుగులు, కంటద్దములు కనీసావసరములు. పూత జరుగుచోట బీడీ, వెల్డింగు నిషిద్ధములు.

కారు మూలవర్ణమునకు బంపరును సరిపోల్చి రంగు వేయుటకు నమోదుపత్రమున మాఱ్పు అక్కఱలేదు. కారు వర్ణమునే మార్చినచో 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ననుసరించి రవాణాశాఖకు తెలిపి నమోదు చేయింపవలెను. బంపరునకు ముందు ఇనుప గార్డు బిగించుట అదే విభాగమునకు విరుద్ధమని కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు తెలిపినది. పాత గార్డు నొకదానిని విప్పిన బంపరునకు మఱల బిగింపక విడుచుటకు ఇదియే తగిన అదను.

లోపములు, వాని మూలములు

రంగు పెద్దపెద్ద పొరలుగా, క్రింద నున్నని ప్లాస్టిక్కు మిగులునట్లు ఊడినచో ప్లాస్టిక్ ప్రైమరు లేకుండుటయో, చచ్చిన పొరను రుద్దకుండుటయో కారణమని యెఱుగవలెను. రంగు ప్లాస్టిక్కునకు అంటియేయుండి దానిమీద సన్నని పగుళ్లు వలపన్నినచో పూత మందము హెచ్చుటగాని ఫ్లెక్సు లోపించుటగాని కారణము. గుండ్రని గుంటలు సిలికాను శేషమును, ఎండలో లేచిన బొబ్బలు ఇంకిన ద్రావకమును లేక చిక్కిన నీటిని, నలుసులు విద్యుదావేశమును ధూళిని సూచించును. ఈ లోపములలో పైరంగువలన కలుగునవి మిక్కిలి స్వల్పము, దాదాపన్నియు పూర్వసంస్కారదోషములే. కావున పాతకారు యజమాని షెడ్డుతో వెల కుదుర్చుకొనునప్పుడు రంగు కంపెనీ పేరును మాత్రమే యడిగి తృప్తిపడక, బంపరును విప్పుదురా, అది ఏ జాతి ప్లాస్టిక్కు, ప్లాస్టిక్ ప్రైమరు వేయుదురా, లప్పము వంగెడు రకమేనా యను నాలుగు ప్రశ్నలను ముందుగా అడుగవలెను. వానికి సరియైన సమాధానము లభింపనిచోట బంపరును అప్పగింపకుండుటయే మంచిది.